పెట్రోలు అయిపోయాక

బండి నా పెళ్ళికంటే రెండేళ్ళు పెద్దది.
కొన్నప్పుడు తెలుపు. ఇప్పుడే రంగని అడిగితే
కొరుక్కుపేట గోడల రంగు అంటాను.
ఎడమ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు.
ఎక్కినవాడు దిగాలంటే
నేనే చుట్టూ తిరిగొచ్చి తీయాలి,
పెళ్ళికొడుకుని దించినట్టు.

తొట్టిలో రెండు జనరేటర్లు.
చిన్నది పెట్రోలే తాగుతుంది,
పెద్దది పెట్రోలూ తాగుతుంది, గ్యాసూ తాగుతుంది.
"రెండు నోళ్ళా? ఒక్క నోటికే పెట్టలేక ఛస్తుంటే!"
చీటీ డబ్బంతా దానికే పోశానని
మూడు వారాలు పెంచలమ్మ నాతో మాట్లాడలేదు.

చావింటి షామియానా కింద నాలుగు ట్యూబులైట్లు,
చర్చి పండక్కి మైకు,
రాత్రిపూట రోడ్డు తవ్వేవాళ్ళకి దీపం.
చావింటివాళ్ళు బేరమాడరు, పెళ్ళివాళ్ళు ఆడతారు.
నేను నేర్చుకున్న లోకజ్ఞానం అంతే.
ఇంకొకటి కూడా ఉంది:
పెట్రోలు నిలవుంచితే
కార్బురేటర్లో బెల్లంపాకమై కూర్చుంటుంది.
అందుకే పని లేని నెలల్లోనూ
ఆదివారం ఆదివారం తాడు లాగి,
పది నిమిషాలు దాని గొంతు విని ఆపేస్తాను.

ఆ డిసెంబరు తుఫానుకి
మంగళవారం రాత్రి పోయిన కరెంటు
శుక్రవారం దాకా రాలేదు.
వీధిలో కొత్త కార్లు పీకల్దాకా మునిగి,
తమంతట తామే దీపాలు వెలిగించుకుంటూ ఆర్పుకుంటూ
ఒక్కొక్కటే చచ్చిపోయాయి.
నా బండికి అంత తెలివి లేదు.
మస్తాన్ భాయ్ వెనకనుంచి తోస్తే
రెండో గేరులో దగ్గి, ఉమ్మి, కదిలింది.

రైల్వే గేటు మెరక మీద ఆపాను.
ముందు ఫోన్లొచ్చాయి, పాల కవర్లలో చుట్టుకుని,
అన్నం డబ్బాల్లో పెట్టుకుని.
అరవై దాకా లెక్కపెట్టాను.
ఫోనుకి పది రూపాయలన్నాను.
రెండో గంటకి అడగడం మానేశాను,
మంచివాణ్ణయి కాదు,
తడి నోట్లు వేళ్ళకంటుకుని చిల్లర ఇవ్వడం కుదరక.

తర్వాత యేసురత్నం వచ్చాడు.
మూడో అంతస్తులో వాళ్ళ నాన్న,
ఆయన ముక్కుకి ఊపిరి మిషను.
"వానగదన్నా, మెట్ల కింద పెట్టి నడుపు."
పెట్టనన్నాను.
చేతులు పట్టుకున్నాడు. తర్వాత కాలరు పట్టుకున్నాడు.
"దీని పొగలో కంటికి కనపడనిది ఒకటుంటుందయ్యా,
నిద్రపోయేవాళ్ళని నిద్రలోనే తీసుకుపోద్ది."
నమ్మలేదు.
బండిని వాళ్ళ గోడకి దూరంగా, గాలి ఆడేచోట నిలిపి
టార్పాలిన్ రెండు కొసలు క్యాబిన్‌కి కట్టి
మిగతా రెండూ నేనూ మస్తానూ పట్టుకున్నాం.
వైరు మాత్రం మెట్లెక్కింది.

మూడు గంటలకి పెట్రోలు అడుగంటింది.
బంకులన్నీ నీళ్ళలో ఉన్నాయి.
కింది ఇంటి దేశమ్మ, ఆ చప్పుడుకి
సాయంత్రంనుంచీ నన్ను తిడుతున్న మనిషి,
నడుములోతు నీళ్ళలో
తన సిలిండరుని తేలేసి, దూడని తోలినట్టు
ముందుకు తోసుకుంటూ వచ్చింది.
"పొద్దున వంట?" అన్నాను.
"అటుకులు నానేస్తా. నీ పని చూడు."

పెట్రోలునుంచి గ్యాసుకి మీట తిప్పేటప్పుడు
ఇంజను అర క్షణం తడబడుతుంది.
ఎన్ని వందలసార్లు విన్నానో ఆ తడబాటు.
ఆ రాత్రి పైనుంచి ఒక గొంతు అరిచింది: "ఆగిపోయిందా?"
జవాబు చెప్పడానికి నాకూ ఊపిరి లేదు.
తర్వాత అది అందుకుంది,
కొంచెం సన్నగా, వేరే వాసనతో.

మార్చిలో ఎఫ్.సి.కి తీసుకెళ్తే
ఇన్‌స్పెక్టరు ఛాసిస్‌ని సుత్తితో తట్టి
చాలాసేపు ఏమీ అనలేదు.
గేటు బయట పాత ఇనుము వాడు కిలో లెక్కన ధర చెప్పాడు.
తొట్టి చూపించాను:
జనరేటర్లు అదిరి అదిరి రంగు పోయినచోట
రెండు చదరాలు, అద్దంలా.
"ఇవి కూడా తూకంలోనే వస్తాయా?" అన్నాను.
వాడు ఎగాదిగా చూసి టీకి వెళ్ళిపోయాడు.

ఇవాళ ఆదివారం. తాడు లాగాను.
రెండోసారికి అందుకుంది.
కిటికీ రెక్క తెరిచి
దేశమ్మ తిట్లు మొదలెట్టింది.